మిగిలిన ముక్కలకు అలమరల్లో చోటు



గృహప్రవేశం అయి ఆర్నెల్లు దాటిన ఏ ఇంటికైనా వెళ్లి ఒకసారి డాబా ఎక్కి చూడండి. నీళ్ల ట్యాంకు పక్క మూలలో సగం వాడిన టైల్స్ పెట్టె ఉంటుంది. గ్రానైటు పట్టీలు గోడకు ఆనించి ఉంటాయి. మూత సరిగ్గా పడని రంగు డబ్బాలు, ప్లైవుడ్ ముక్కలు, టేకు బీడింగు, మూరెడు పొడుగు పీవీసీ గొట్టాలు ఉంటాయి. ఎప్పటికైనా పనికొస్తాయని ఇంటివాళ్లే అక్కడ పెట్టించి ఉంటారు. రెండు వానలు పడేసరికి ప్లైవుడ్ పొరలు విచ్చుకుంటాయి. డబ్బాలో రంగు గడ్డకడుతుంది. టైల్స్ పెట్టె అట్ట నానిపోయి, ఎత్తబోతే అడుగు ఊడి టైల్స్ పగులుతాయి. చివరికి ఒకరోజు ట్రాలీ ఆటో పిలిచి, ఎంతో కొంత చేతిలో పెట్టి, ఎక్కడైనా పారబోసి రమ్మంటారు.

అదే ఇంట్లో కిందికి దిగి సామాన్ల గది తలుపు తీయండి. హాలు మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా ఆ గదికి దక్కి ఉండదు. సిమెంటు అరలు గరుకుగా అలాగే ఉంటాయి. బియ్యం డబ్బా జరిపితే అడుగున ఇసుక రాలుతుంది. అర లోపలి మూల చీకటి, అక్కడ ఏముందో చేత్తో తడిమి తెలుసుకోవాలి. మెట్ల కింది అలమర, గిన్నెలు తోముకునే చోట ఉన్న అరలు, పైన సజ్జ, అన్నిటిదీ అదే పరిస్థితి.

డాబా మీది సామాను ఈ అరల్లోకి రావాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అదే. డబ్బు ఆదా అవుతుందన్న మాట నిజమే కానీ, నేను చెబుతున్నది దానికోసం మాత్రమే కాదు. హాలు చుట్టాల కోసం అలంకరిస్తాం. సామాన్ల గదిలోకి మాత్రం ఇంటివాళ్లమే రోజుకు పదిసార్లు వెళ్తాం. పప్పు కోసం, చీపురు కోసం, మందుల డబ్బా కోసం చెయ్యి పెట్టే ఆ చోటు కంటికి ఇంపుగా, శుభ్రంగా ఉండాలని కోరుకోవడం ఆడంబరం కాదు.

నిజానికి అరను అలంకరించడం మన ఇళ్లలో కొత్త సంగతేమీ కాదు. పాత పెంకుటిళ్లలో మందపాటి గోడల్లోనే గూళ్లు వదిలేవారు. దీపపు గూటికి సున్నం పూసి, చుట్టూ ఎర్రమట్టితో అంచు దిద్దేవారు. వంటింట్లో చెక్క బల్లల మీద ఇత్తడి గిన్నెలు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా బోర్లించేవారు. పండగ ముందు ఆ బల్లల మీద పాత పేపరు పరిచేవారు. ముందుకు వేలాడే అంచును మడతలు పెట్టి కత్తెరతో కోస్తే, విప్పగానే పువ్వులూ త్రికోణాలూ వరసగా వచ్చేవి. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడపిల్లలది. వాళ్లు వాడిన ముడిసరుకు ఏమిటో గమనించండి. చదివేసిన పేపరు, ఇంట్లో మిగిలినది. ఇప్పుడు ఆ స్థానంలో ప్లాస్టిక్ షీట్లు చుట్టలు చుట్టలుగా కొంటున్నాం. వాటి అంచులు లేస్తాయి, అడుగున చెమ్మ చేరుతుంది, బొద్దింకలు గుడ్లు పెడతాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్‌ను అదే అర మీద పరిపించుకుంటే తడిగుడ్డ పెట్టి తుడుచుకోవచ్చు, మళ్లీ మార్చే పని ఉండదు.

ఎంత లెక్క చూసి కొన్నా సామాను మిగలక తప్పదు. రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ సాధారణంగా పెట్టెకు 4 చొప్పున వస్తాయి, విడిగా ఒకటీ రెండూ ఇవ్వరు. కోతల్లో పోయేవీ పగిలేవీ చూసుకుని నూటికి 5 నుంచి 10 వంతులు అదనంగా తెప్పించమని మేస్త్రీలే చెబుతారు. ప్లైవుడ్ 8 అడుగులు, 4 అడుగుల షీటుగానే కొనాలి. ఇక గ్రానైటు సంగతి. వంటగట్టు మీద సింకు బిగించడానికి పలకకు మధ్యలో పెద్ద కంత కోస్తారు. గ్యాసు పొయ్యి గట్టులోకి దిగేలా పెట్టించుకుంటే దానికీ మరో కంత. ఆ కోసిన ముక్కలు చిన్నవేమీ కావు. అడుగున్నర, రెండడుగులు ఉండి, పైన పాలిష్‌తో నిగనిగలాడుతుంటాయి. చదరపు అడుగు లెక్కన వాటికీ మనం డబ్బు కట్టాం.

వీటిని అరల్లోకి దింపేముందు ఒక పని చేయాలి. ప్రతి రకం టైల్స్‌లో కొన్ని, కుదిరితే ఒక పూర్తి పెట్టె, ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. నాలుగేళ్ల తర్వాత బాత్రూములో గొట్టం కారి గోడ పగలగొట్టాల్సి వస్తే, అదే రంగు టైల్ దుకాణంలో దొరకదు. ఒకే కంపెనీ, ఒకే పేరు ఉన్న టైల్ అయినా, ఒక కాల్పుకీ మరో కాల్పుకీ రంగులో కొంచెం తేడా వస్తుంది. అందుకే పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ముద్రిస్తారు. ఆ అట్టముక్క చించి టైల్స్‌తో పాటే దాచండి. ఈ నిల్వ తీసేశాక మిగిలినవే అలంకరణకు.

ముందు రాయి గురించి చెబుతాను. మన తెలుగు నేల రాళ్ల విషయంలో కలిగిన నేల. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నల్లటి రాయి మీద బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ దొరుకుతుంది. కరీంనగర్ ప్రాంతంలో గోధుమ రంగు టాన్ బ్రౌన్ ఉంది. అవి గ్రానైట్లు. బేతంచర్ల, తాడిపత్రి, తాండూరు, కడప నుంచి వచ్చేవి నాపరాళ్లు. ఈ రెండు జాతుల తేడా సామాన్ల గదిలో చాలా ముఖ్యం. నాపరాయి సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, ఊరగాయ ఊట, మరుగుదొడ్డి కడిగే యాసిడ్, ఏది పడినా రాయి పైపొరను తినేస్తుంది. పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడుతుంది, ఎంత తోమినా పోదు. పాలరాయికీ అంతే. గ్రానైటుకు ఆ బాధ లేదు. కాబట్టి ఆవకాయ జాడీలు, చింతపండు కుండ, వెనిగర్ సీసా ఉండే అరకు సింకు దగ్గర కోసిన గ్రానైటు ముక్క వేయించండి. నూనె కారితే లేత రంగు గ్రానైటు కొంచెం పీల్చుకుంటుంది గనక, ముదురు రంగుదైతే మరీ మంచిది. నాపరాయి ముక్కలు బియ్యం, పప్పులు, గిన్నెలు పెట్టే అరలకు సరిపోతాయి. పాత వంటిళ్లలో చాలాచోట్ల అరలు కడప రాతివే. తాండూరు పసుపూ నీలమూ కలిపి గళ్లుగా వేయిస్తే, ఏ రంగూ పూయకుండానే అర ఎంత బాగుంటుందో చూసినవాళ్లకు తెలుసు.

బరువు మాత్రం మరిచిపోకూడదు. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైటు చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు ఉన్న అరకు అది పరిస్తే, సామాను పెట్టకముందే 15 కిలోల భారం. సిమెంటు బల్ల ఆ భారం మోస్తుంది. గోడకు రెండు బ్రాకెట్లు కొట్టి నిలబెట్టిన ప్లైవుడ్ అర మోయదు, మధ్యలో కుంగుతుంది. అలాంటి అరలకు పల్చటి సన్‌మైకా ముక్కలు చాలు. సజ్జ మీద కూడా రాయి వద్దు.

ఇక టైల్స్. అర పైభాగానికి నిండు టైల్ గానీ, అరకు కొలత చూసి నీటుగా కోసిన ముక్క గానీ వేయాలి. పగిలిన ముక్కలతో పైభాగం చేయించడం నాకు నచ్చదు. ఎంత నేర్పున్న మేస్త్రి అయినా అక్కడక్కడా ఎగుడుదిగుడు వస్తుంది. దాని మీద నూనె డబ్బా నిలకడగా నిలబడదు, సందుల్లో పిండి ఇరుక్కుని పురుగు పడుతుంది. వంటింటి గోడకు వేసే సిరామిక్ టైల్‌ను బాగా నీళ్లలో నానబెట్టి, సిమెంటు పాలతో అతికించవచ్చు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చుకోదు, అందుకే దానికి సిమెంటు పాలు గట్టిగా పట్టవు. టైల్స్ అతికించే జిగురు సంచీ దుకాణాల్లో దొరుకుతుంది, ఇంటిపనిలో మిగిలిందుంటే అదే వాడండి. అరకు ముందే లప్పం పెట్టి రంగు వేసేసి ఉంటే, దాన్ని గీకి, సిమెంటు మీద గాట్లు పెట్టిన తర్వాతే ఏదైనా అతికించాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు అతికించనక్కర్లేదు. కొలతకు కోయించిన టైల్‌ను ఊరికే పరిచి, ఇల్లు మారేటప్పుడు వెంట తీసుకుపోవచ్చు.

అర ముందు అంచు మీద నాకు ప్రత్యేకమైన పట్టింపు ఉంది. టైల్ కోసిన అంచు కత్తిలా ఉంటుంది. చెయ్యి లోపలికి పోయి బయటికి వచ్చేటప్పుడు మణికట్టుకు తగిలేది అదే. గోడల కింద వేసే నాలుగంగుళాల గ్రానైటు పట్టీలు మిగిలి ఉంటే వాటిని ముందువైపు నిలబెట్టి, పై అంచు గుండ్రంగా పాలిష్ పట్టించండి. లేదా టేకు బీడింగు కొట్టించండి. తెల్లటి టైల్ ముందు టేకు రంగు గీతలా కనిపిస్తుంది. కత్తిరించిన పేపరు అంచు ఇచ్చిన అందం మళ్లీ ఇక్కడ దొరుకుతుంది, ఇది చిరగదు.

మరి పగిలిన టైల్స్ సంగతేమిటి? వాటి చోటు అర వెనక గోడ. సామాను వరస మీదుగా కనిపించే ఆ జానెడు గోడే బొమ్మకు తగిన జాగా. అక్కడ ఎగుడుదిగుడు ఉన్నా ఇబ్బంది లేదు. ముక్కల్ని గోనెసంచిలో వేసి, మూతి కట్టి, పైనుంచి సుత్తితో కొట్టాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, పిల్లల్ని దూరంగా ఉంచాలి. గోడ మీద సుద్దతో ముందు గీసుకోవాలి. మనకు ముగ్గులు వచ్చు కాబట్టి అదేమీ కష్టం కాదు. అయితే అన్ని ముగ్గులూ కుదరవు. మెలికలు తిరిగే గీతలకు చిన్న చిన్న ముక్కలు కావాలి, పని తెగదు. తామర, మామిడికాయ, తీగ, నక్షత్రం చక్కగా వస్తాయి. బొమ్మ గీతల వెంట ముక్కలు ముందు అతికించి, తర్వాత ఖాళీ నింపుకుంటూ పోవాలి. ఒకరోజు ఆరనిచ్చి సందుల్లో తెల్ల సిమెంటు పట్టించాలి.

రంగుల విషయంలో గట్టిగా చెబుతాను. ఉన్నవన్నీ ఒకే అరలో కలిపేయకండి. ఎక్కువ ఉన్న రంగు నేపథ్యానికి, తక్కువ ఉన్నది బొమ్మకు. రెండు రంగులు చాలు, మూడోది వేస్తే దానికి కారణం ఉండాలి. ఈ సంగతి చండీగఢ్ రాక్ గార్డెన్ చూస్తే బాగా తెలుస్తుంది. దాన్ని కట్టిన నేక్‌చంద్ అక్కడ రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాడు. కొత్త నగరం కోసం ఊళ్లకు ఊళ్లు కూలగొట్టినప్పుడు మిగిలిన శిథిలాలనూ, పగిలిన పింగాణీనీ, గాజు ముక్కల్నీ, పాడైన విద్యుత్ సామానునూ 1957 నుంచి ఒక అడవి వాగు దగ్గరికి చేరవేసి, ఎవరికీ తెలియకుండా బొమ్మలు కట్టాడు. 1975లో ఆ తోట అధికారుల కంటపడింది. అనుమతి లేని కట్టడం గనక కూల్చేసి ఉండేవారే, జనం దాని పక్షాన నిలిచారు. 1976లో దాన్ని అందరికీ తెరిచారు, 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అక్కడ ఒక వరస బొమ్మలకు ఒంటి నిండా గాజు ముక్కలే, మరో వరసకు పింగాణీ ముక్కలే. ఒకే పదార్థం పక్కపక్కన పదేపదే వచ్చినప్పుడు అది చెత్తకుప్ప నుంచి వచ్చిందన్న తలపు కూడా మనకు రాదు. తిరువనంతపురంలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ ఇళ్లు కూడా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గవి. ఆయన గోడల్లోనే గూళ్లనూ అరలనూ కూర్చునే అరుగులనూ కట్టేసేవారు. పాత సామానును చిన్నచూపు చూసేవారు కాదు. గోడలో పొదిగిన రంగు సీసాల గుండా ఆయన కట్టిన ఇళ్లలోకి వెలుగు వస్తుంది.

వెలుగు అంటే రంగు డబ్బాలు గుర్తొస్తున్నాయి. లోతైన అలమర లోపల, సజ్జ లోపల, మిగిలిన లేత రంగు రెండు పూతలు వేయండి. బల్బు పెట్టకుండానే వెనక వరస కనిపిస్తుంది. మిగిలిన డబ్బాలన్నీ ఒకదాంట్లో పోసి కలపాలనిపిస్తుంది, కానీ నీళ్లతో కలిపే రంగునూ నూనె రంగునూ కలపకూడదు, రెండూ విరిగిపోతాయి. పైన కట్టిన మీగడ తీసి, పల్చటి గుడ్డలో వడగట్టి వాడాలి. కుళ్లు వాసన వస్తుంటే ఆ డబ్బా వదిలేయడమే మంచిది. మిగిలిన సిమెంటు కూడా ఎక్కువ రోజులు ఆగదు. మూడు నెలలు దాటాక దాని పట్టు తగ్గుతుంది, వానాకాలంలో అయితే ఇంకా ముందే.

చెక్క ముక్కల్లో టేకు, మంచి ప్లైవుడ్ లోపలికి రావచ్చు. సెంట్రింగ్ చెక్కలు మాత్రం తిండి సామాను ఉండే గదిలోకి రానివ్వకండి. వాటికి నూనె పట్టి ఉంటుంది, మేకులు విరిగి ఉంటాయి, పురుగు ఉందో లేదో పైకి తెలియదు. కూల్చిన ఇళ్ల తలుపులు, కిటికీ రెక్కలు అడితీల్లో దొరుకుతాయి. పాత టేకు కిటికీ రెక్కను అలమర తలుపుగా బిగిస్తే దాని ముందు కొత్త షోకేసులు నిలవవు. అయితే వాటి మీది పాత రంగును జాగ్రత్తగా తీయించాలి. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువ ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ పొడి పిల్లల నోట్లోకి వెళ్తుంది. తడిపి గీకాలి, రాలినదాన్ని తడిగుడ్డతో ఎత్తాలి.

పీవీసీ గొట్టాల గురించి ఒక్క మాట. నాలుగంగుళాల గొట్టాన్ని అర లోతుకు సరిపడా కోసి, పక్కపక్కన పేర్చి కట్టేస్తే గొడుగులు, చుట్టిన కాగితాలు, పనిముట్లు వేటి గూట్లో అవి ఉంటాయి.

రాయిగానీ టైల్‌గానీ కోసేటప్పుడు లేచే దుమ్ము గురించి నిదానంగా చెప్పాలి, ఇది అలంకరణ కన్నా పెద్ద విషయం. గ్రానైటులో సిలికా ఉంటుంది. ఆ సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. రాళ్లు కోసే పనివాళ్లు ఎందరో దానికి బలయ్యారు. మన ఇంటి అర అందం కోసం ఒక మేస్త్రి ఆ దుమ్ము పీల్చకూడదు. గది లోపల కోయనివ్వకండి. బ్లేడు మీద నీళ్లు పడుతుండగా, ఆరుబయట కోయాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, ఎన్-95 మాస్కు మనమే కొనిచ్చి, పెట్టుకోమని పట్టుబట్టాలి. పాత సిమెంటు రేకుల ముక్కలుంటే వాటిని కోయడం గానీ, కంతలు వేయడం గానీ, పగలగొట్టడం గానీ వద్దే వద్దు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

ఇదంతా ఎప్పుడు చేయాలి? పనివాళ్లు ఇంకా ఇంట్లో ఉండగానే. కోత మిషను అక్కడే ఉంటుంది, తెల్ల సిమెంటు కలిపి ఉంటుంది, టైల్స్ మేస్త్రి చేతిలో తాపీ ఉంటుంది. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లాక, ఈ చిన్న పని కోసం మళ్లీ రారు. 'అమ్మా, ఈ ముక్కలన్నీ దింపేయమంటారా?' అని మేస్త్రి అడిగే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. ఏ అర ఎంత పొడుగు, ఎంత లోతు, దాంట్లో ఏం పెడతారు అన్నది ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 'మేస్త్రీ గారూ, ఆ సింకు ముక్క జాడీల అరకు, ఆ నల్ల పట్టీలు అంచులకు' అని చూపిస్తే పని ఇట్టే తెములుతుంది. ఈ పనికి విడిగా కూలీ మాట్లాడండి. అంచులు రుద్దడం, కొలతలు సరిచూడటం నెమ్మదిగా సాగే పని, దాన్ని ఊరికే చేయించుకోవడం న్యాయం కాదు.

మనం పారబోయించిన ముక్కలు ఎక్కడికి పోతాయో కూడా ఒక్కసారి ఆలోచించాలి. కట్టడాల వ్యర్థాల మీద కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది. వ్యర్థాలను రకాల వారీగా విడదీసి అప్పగించాలని అప్పుడే చెప్పింది. హైదరాబాదులో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో వాటిని పిండి చేసి మళ్లీ వాడుకునేలా మార్చే కేంద్రాలున్నాయి. అయినా రాత్రిపూట ట్రాలీలు చెరువు అంచుల్లోనే ఖాళీ అవుతున్నాయి. చెరువు శిఖం ఎలా పూడిపోతోందో నగరంలో ఉన్న ప్రతివారూ చూస్తూనే ఉన్నారు. ఒక ఇంటి నుంచి పోయేది అర ట్రాలీయే కావచ్చు, కానీ ఆ వీధిలో ఏటా కట్టే ఇళ్లన్నీ కలిపి లెక్క వేయండి.

మీ అరలన్నీ అయ్యాక ఇంకా మిగిలితే, దగ్గర్లోని అంగన్‌వాడీకి వెళ్లి చూడండి. పప్పు, నూనె, గుడ్లు పెట్టే అర ఎలా ఉందో అక్కడి టీచరమ్మను అడగండి. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం సామాను పెట్టే గది, ఊళ్లో గ్రంథాలయం ఉంటే దాని పుస్తకాల బల్లలు కూడా చూడండి. అక్కడికి పంపేటప్పుడు పగిలినవి కాకుండా నిండు టైల్స్ ఏరి పంపండి. వాటితో పాటు అతికించే జిగురు ఒక సంచీ, ఒక పూట మేస్త్రి కూలీ కూడా మీరే భరించండి. ముందు టీచరమ్మతో అర కొలత తీయించుకుంటే, టైల్స్ మీ ఇంటి దగ్గరే తడిపి కోయించి పంపవచ్చు. పిల్లలున్న చోట దుమ్ము లేవదు.